కెరీర్, విశ్రాంతి, మనుషులు: బెంగళూరు ఉద్యోగికి వారం లెక్క

ఉద్యోగంలో ఎదగడం, కంటినిండా నిద్రపోవడం, మనవాళ్లతో కాసేపు గడపడం, ఈ మూడూ కలిసి కుదరవని బెంగళూరులో చాలామంది తెలుగువాళ్లు ముందే తేల్చేసుకుంటారు. ఈ సాఫ్ట్‌వేర్ రిలీజ్ అయిపోనీ, ఈ ప్రమోషన్ రానీ, ఇంటి లోను కాస్త తగ్గనీ అంటూ విశ్రాంతిని వాయిదా వేస్తూ పోతారు. అది అయ్యేలోగా ఇంకొకటి వచ్చి పడుతుంది. ఆఫీసు పనికి ఇంత అనే కొలత లేదు, ఎంత ఖాళీ ఇస్తే అంతా ఆక్రమిస్తుంది. అందుకే మిగిలిన టైములో పడుకుందాం, మిగిలిన టైములో అమ్మకు ఫోన్ చేద్దాం అనుకుంటే మిగిలేది ఏమీ ఉండదు. ముందు నిద్రకూ మనుషులకూ చోటు తీసిపెట్టాలి. ఆ తర్వాత ఉన్న టైమును ఒక్క గురి మీదే పెట్టాలి. ఈ పద్ధతి మొత్తం ఇంతే. చేయడంలోనే మెలకువలు ఉన్నాయి.

మొదట రెండు వారాల చిట్టా

వారానికి 168 గంటలు. రోజుకు ఏడున్నర గంటల నిద్ర లెక్కన 52.5 పోతాయి. ఆఫీసు రోజుకు తొమ్మిది గంటలు, ఐదు రోజులకు 45. వారంలో మూడు రోజులు ఆఫీసుకు వెళ్లేవాళ్లకు రానుపోను రెండున్నర గంటలనుకుంటే 7.5. స్నానం, తిండి, బట్టలు, సరుకులు, ఇంటి పని కలిపి రోజుకు మూడు గంటలు, అంటే 21. అన్నీ కూడితే 126. ఇంకా 42 గంటలు చేతిలో ఉండాలి.

ఉండవు. రోజూ రాత్రి రెండు గంటల పాటు అమెరికా టీమ్‌తో కాల్స్ ఉంటే ఐదు రోజులకు 10 పోయాయి. రీల్స్, వార్తలు, వాట్సాప్ గ్రూపులు కలిపి రోజుకు మూడు గంటలైతే 21 పోయాయి. మిగిలింది 11, అదీ ఇక్కడ పావుగంట అక్కడ అరగంటగా.

మీ లెక్క ఏమిటో తెలియాలంటే రెండు వారాలు రాయాలి. ఒక షీటులో గంటకో గడి చొప్పున పెట్టుకుని పని, ప్రయాణం, ఇల్లు, నిద్ర, మనుషులు, చదువు, ఫోన్ అని ఏడు పేర్లలో ఏదో ఒకటి వేయండి. రోజూ పడుకోబోయే ముందు మూడు నిమిషాల పని. ఒక్క వారం చాలదు, ఆ వారమే రిలీజ్ ఉండొచ్చు. ఆదివారం కూర్చుని వారం మొత్తం గుర్తు చేసుకుని రాసేవాళ్లు పని గంటలు ఎక్కువ వేసుకుంటారు, ఫోన్ గంటలు తక్కువ వేసుకుంటారు. ఫోన్ లెక్కను స్క్రీన్ టైమ్ సెట్టింగులో చూసి అక్కడున్న అంకెనే వేయండి. ఈ రెండు వారాల్లో అలవాట్లు మార్చే ప్రయత్నం చేయొద్దు, ఉన్నది ఉన్నట్టు తెలియడమే ఇప్పుడు కావలసింది.

చిట్టా పూర్తయ్యాక మూడు అంకెలు చూడండి. నిద్ర వారానికి 49 గంటల లోపు ఉందా? పని 50 దాటిందా? మనుషులతో గడిపింది ఏడు గంటల కన్నా తక్కువా? పని 55 దాటితే మిగతావన్నీ పక్కన పెట్టి ముందు దాన్ని తగ్గించాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం, వారానికి 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే 55 గంటలు, ఆపైన పనిచేసేవాళ్లకు పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. చట్టం కూడా తెలిసి ఉండాలి. 1961 నాటి కర్ణాటక దుకాణాలు, వాణిజ్య సంస్థల చట్టం రోజుకు 9, వారానికి 48 గంటలని హద్దు పెట్టింది. ఓవర్‌టైమ్‌తో కలిపినా రోజుకు 10 దాటకూడదు, మూడు నెలల్లో ఓవర్‌టైమ్ 50 గంటలు మించకూడదు. మేనేజ్‌మెంట్ హోదాలో ఉన్నవాళ్లకు ఇది వర్తించదు. ఈ అంకెలతో మేనేజరు మీదికి వెళ్లమని కాదు. పద్నాలుగు గంటలు పనిచేయడం మామూలే కదా అని ఎవరైనా అన్నప్పుడు, మామూలు అంటే ఎంతో మీ మనసులో స్పష్టంగా ఉండాలి.

ఆరు నెలలకు ఒక్క గురి

అలసటకు పెద్ద కారణం కష్టపడటం కాదు, నాలుగు వైపులకు ఒకేసారి కష్టపడటం. క్లౌడ్ సర్టిఫికేషన్, ఇంటర్వ్యూల కోసం కోడింగ్ ప్రాక్టీసు, ఆఫీసులో లీడ్ రోల్, పక్కన ఒక యూట్యూబ్ చానెల్. నాలుగూ మొదలవుతాయి, నాలుగూ సగంలో ఉంటాయి, ఏ ఆదివారమూ నిశ్చింతగా ఉండదు.

ఒక్కటే ఎంచుకుని ఒక వాక్యంలో రాయండి. అందులో తేదీ ఉండాలి, అయిందో లేదో మూడో మనిషికి తెలిసేలా ఉండాలి. "మంచి ఇంజినీర్ని అవుతాను" అంటే కుదరదు. "సెప్టెంబరు 30 లోపు పేమెంట్స్ మాడ్యూల్ డిజైన్ నేనే రాసి రివ్యూ చేయించుకుంటాను" అంటే కుదురుతుంది. దానికి వారంలో గంటన్నర చొప్పున మూడు సిట్టింగులు, పొద్దున ఆరున్నర నుంచి ఎనిమిది దాకా. రాత్రి పదకొండుకి మొదలుపెట్టే చదువు నిద్రను తింటుంది, తలకూ ఎక్కదు. మిగతా మూడు కోరికలను ఒక కాగితం మీద రాసి ఉంచండి. వాటిని వదిలేసినట్టు కాదు, వరసలో నిలబెట్టినట్టు.

కొన్నిసార్లు నిజంగానే పరుగెత్తాలి. ఉద్యోగం మారాలి, లేదా పెద్ద రిలీజ్ ఉంది. అప్పుడు ఆరు వారాలకు మించకుండా పరుగు పెట్టుకోండి. మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి. ముగిశాక ఒక వారం సాయంత్రాలు పూర్తిగా ఖాళీ ఉంచండి. పరుగు చెడేది ఒక్కచోటే, ముగింపు తేదీ చెప్పకుండా మొదలుపెట్టడంలో. ఇంట్లోవాళ్లు ఆరు వారాలు ఓర్చుకుంటారు, ఎప్పుడు ఆగుతుందో తెలియనిదాన్ని ఎవరూ ఓర్చుకోలేరు.

రాత్రి కాల్స్‌ను తగ్గించడం

బెంగళూరు ఉద్యోగాల్లో సాయంత్రాలను మింగేది ఎక్కువగా ఇదే కాబట్టి దీనికి కాస్త ఓపిక పెట్టాలి.

ముందు గడియారం సంగతి. అమెరికా తూర్పు తీరానికీ మనకూ వేసవిలో తొమ్మిదిన్నర గంటల తేడా, చలికాలంలో పదిన్నర. అక్కడ మార్చి రెండో ఆదివారం గడియారం ముందుకు, నవంబరు మొదటి ఆదివారం వెనక్కి జరుగుతుంది. అంటే వాళ్ల ఉదయం 9:30 కాల్ మనకు వేసవిలో రాత్రి 7, నవంబరు నుంచి 8. పశ్చిమ తీరం వాళ్ల ఉదయం 8:30 మనకు వేసవిలో 9, చలికాలంలో 10. ఏమీ మారలేదనుకుంటూనే నవంబరులో మీ రాత్రి ఒక గంట పోతుంది. కాబట్టి అక్టోబరు మూడో వారంలోనే, ప్రతి కాల్‌నూ అరగంటో గంటో ముందుగా పెట్టగలరా అని అడగాలి. నవంబరులో గడియారం మారాక అడిగితే అందరి క్యాలెండర్లూ నిండిపోయి ఉంటాయి.

తర్వాత రెండు వారాల చిట్టాలోంచి సాయంత్రం ఏడు దాటిన కాల్స్ అన్నీ విడిగా రాసి, ఒక్కోదాని పక్కన మీరు మాట్లాడారా, విన్నారా, రెండూ లేవా అని వేయండి. రెండూ లేనివాటి నుంచి తప్పుకోండి. విన్నవాటికి రికార్డింగో నోట్సో అడగండి. మాట్లాడాల్సినవాటికి "నా భాగం మొదటి పదిహేను నిమిషాల్లో పెట్టండి, తర్వాత నేను వెళ్తాను" అని మీటింగ్ పెట్టినవాళ్లకు ముందురోజే రాయండి. అదే రోజు చెబితే అజెండా మారదు.

మిగిలినవాటిని టీమ్‌లో వంతులు వేసుకోవాలి. ఐదుగురు ఉంటే ఒక్కొక్కరికి వారానికి ఒక్క రాత్రి. వంతు ఉన్నవాళ్లు మర్నాడు పదకొండుకు మొదలుపెడతారని అందరి ముందూ ఒప్పుకోవాలి. ఆ వంతు మనిషి ఉదయం పది లోపు ఐదు వాక్యాల నోట్ పెట్టాలి: ఏం తేల్చారు, ఎవరు ఏం చేయాలి, ఎప్పటికి, ఏది ఆగి ఉంది, క్లయింట్ ఏం అడిగారు. వంతులు చాలా టీముల్లో మూడో వారానికే కూలిపోతాయి, కారణం ఈ నోట్ రాకపోవడమే. ఒకసారి నోట్ రాకపోతే రెండోసారి ఎవరికీ నమ్మకం ఉండదు, మళ్లీ ఐదుగురూ చేరిపోతారు. పదకొండుకు వచ్చే వంతు మనిషి పది లోపు ఎలా పెడతారంటే, కాల్ అయిన వెంటనే పది నిమిషాల్లో రాసి, పొద్దున పదికి వెళ్లేలా షెడ్యూల్ చేస్తారు.

షెడ్యూల్ చేయడం మేనేజర్లు ఇంకా గట్టిగా పాటించాలి. గుంటూరు నుంచో అనంతపురం నుంచో కొత్తగా వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న కుర్రాడికి రాత్రి పదకొండున్నరకు లీడ్ నుంచి "రేపు చూడు" అని మెసేజ్ వస్తే, రేపు అన్న మాట కంటికి ఆనదు. లేచి ల్యాప్‌టాప్ తెరుస్తాడు. "అన్నా, చూస్తున్నా" అని జవాబిస్తాడు. మీకు గుర్తొచ్చినప్పుడే రాసుకోండి, పంపడం మాత్రం ఉదయం తొమ్మిదిన్నరకు పెట్టండి.

కొత్త పని వచ్చి పడినప్పుడు కుదరదని మొండిగా అనడం కన్నా, వరస అడగడం మేలు. "ఇది నేను తీసుకుంటాను. ఈ వారం నా చేతిలో ఇవి రెండు ఉన్నాయి. వీటిలో ఏది వచ్చే వారానికి జరపమంటారు?" ఇలా అడిగితే నిర్ణయం ఎవరిదో వాళ్ల దగ్గరికే వెళ్తుంది. మాటల్లో అయినా సరే, తర్వాత రెండు ముక్కల్లో రాసి పంపండి. ఏప్రిల్ అప్రైజల్‌లో ఏది ఎందుకు ఆలస్యమైందో అప్పుడు గుర్తుండదు.

పని దింపుకోవడం

ల్యాప్‌టాప్ మూసినా పని తలలో తిరుగుతూనే ఉంటుంది, ముఖ్యంగా సగంలో ఆగినది. దానికి మందు ఆఖరి పదిహేను నిమిషాలు. ఆగిన పని ఎక్కడ ఆగిందో, రేపు మొదటి అడుగు ఏమిటో రాయండి. "బగ్ చూడాలి" అని కాదు, "రీట్రై లాజిక్‌లో టైమ్‌ఔట్ 30 సెకన్లు ఎందుకు పడుతోందో లాగ్ చూడాలి" అన్నంత వివరంగా. మనసుకు రేపటి దారి కనిపిస్తే ఇవాళ వదులుతుంది. తర్వాత ఫోన్‌లో ఆఫీస్ యాప్‌ల నోటిఫికేషన్లు ఆపండి. ఆన్‌కాల్, అంటే వేళకాని వేళ సిస్టమ్ చెడితే చూసే వంతు, ఉన్నవాళ్లు అలారం యాప్ ఒక్కటే ఉంచుకుని మిగతావి ఆపాలి. నిజంగా మునిగిపోయే విషయమైతే ఫోన్ కాల్ వస్తుంది.

నిద్ర గురించి అందరికీ తెలిసిందే, చేయరు అంతే. పెద్దవాళ్లకు ఏడు గంటలకు తగ్గకూడదు. కాఫీలోని కెఫీన్ సగం దిగడానికి సుమారు ఐదు గంటలు పడుతుంది కాబట్టి సాయంత్రం ఆరింటి ఫిల్టర్ కాఫీ రాత్రి పదకొండుకు కూడా సగం ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం మూడుకి ఆఖరి కప్పు.

ప్రయాణాన్ని రెండో ఆఫీసు చేసుకోవద్దు. 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ నుంచి చల్లఘట్ట దాకా, 2025 ఆగస్టు నుంచి యెల్లో లైన్ ఆర్‌వీ రోడ్ నుంచి బొమ్మసంద్ర దాకా నడుస్తున్నాయి. ఈ దారుల్లో ఇల్లు, ఆఫీసు ఉన్నవాళ్లకు కారు కన్నా మెట్రో మంచిది. టైము కలిసొచ్చినా రాకపోయినా ఎంత పడుతుందో ముందే తెలుస్తుంది, ఇంటికి చెప్పిన టైముకు చేరొచ్చు. వెళ్లేటప్పుడు చదువుకోండి, వచ్చేటప్పుడు ఏమీ పెట్టుకోకండి.

ఇంటివాళ్లు

ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఫోన్ సాధారణంగా స్టాండప్ (టీమ్ రోజువారీ చిన్న మీటింగ్) మధ్యలోనో సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లోనో వస్తుంది. "మీటింగ్‌లో ఉన్నానమ్మా, మళ్లీ చేస్తా" అంటారు. ఆ మళ్లీ రాత్రికి మర్చిపోతారు. నాలుగుసార్లు అలా జరిగాక వాళ్లే ఫోన్ చేయడం తగ్గిస్తారు. "వాడు బిజీగా ఉంటాడులే" అని మీ నాన్న మీ అమ్మతో అనడం మీకు వినపడదు. అందుకే ఎత్తలేనప్పుడు "రాత్రి 9కి చేస్తా" అని టైముతో మెసేజ్ పెట్టండి, 9కి చేయండి. వారానికి మూడుసార్లు, ఇరవై నిమిషాలు, ఒకే టైము. మేడ మీదో చెరువు గట్టు మీదో నడుస్తూ మాట్లాడండి, స్క్రీన్ ముందు కూర్చుని వద్దు. కీబోర్డు చప్పుడు వాళ్లకు వినిపిస్తుంది.

"తిన్నావా", "ఇంకేంటి" దగ్గర మాట ఆగిపోతుందనిపిస్తే ఫోన్‌లో ఒక నోట్ ఉంచుకోండి. నాన్న బీపీ మాత్ర పేరు, అమ్మ కంటి డాక్టరు తేదీ, పక్కింటి పెళ్లి, పొలం కౌలు సంగతి. కిందటిసారి వాళ్లు చెప్పినది ఈసారి మీరే అడిగితే మాట దానంతట అదే సాగుతుంది.

ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు రెండు క్యాలెండర్లూ ముందు పెట్టుకుని కూర్చోండి. ఎవరికి ఏ రాత్రి కాల్ ఉంది, పిల్లల్ని డేకేర్ నుంచి ఎవరు తెస్తారు, వంటావిడ రాని రోజు ఏం చేయాలి. చిన్నపిల్లలున్నప్పుడు ఒకే రాత్రి ఇద్దరికీ కాల్ ఉండకూడదు, ఉంటే ఒకరు సోమవారమే వంతు మార్చుకోవాలి. వారంలో ఒక సాయంత్రం ఇద్దరికీ రాసిపెట్టండి. దాన్ని రద్దు చేయాల్సి వస్తే, రద్దు చేసినవాళ్లే అదే వారంలో ఇంకో రోజు చూపించాలి. ఈ ఒక్క నియమం పాటిస్తే చాలా గొడవలు పుట్టవు.

ఆఫీసులో మనుషులు

ప్రాజెక్టులు ముగుస్తాయి, కంపెనీలు మారతాయి, పదేళ్ల తర్వాత మీకు తోడుండేది పక్క సీట్లో కూర్చున్నవాళ్లే. రెఫరల్స్ కోసం అని దీన్ని చూడొద్దు. రోజులో తొమ్మిది గంటలు ఎవరి మధ్య ఉంటున్నారో వాళ్లతో మనసు కలవకపోతే ఆ తొమ్మిది గంటలూ బరువే.

వారానికి రెండుసార్లు ల్యాప్‌టాప్ లేకుండా కలిసి భోంచేయండి. బెంగళూరులో తెలుగువాళ్లం ఎక్కువమందిమి ఉండటంతో ఒక పొరపాటు తరచూ జరుగుతుంది. ఆరుగురు కూర్చున్న టేబుల్ దగ్గర నలుగురు తెలుగులోకి దిగిపోతారు, హుబ్బళ్లి అమ్మాయి, కేరళ అబ్బాయి ప్లేట్లు చూసుకుంటూ తింటారు. చెడ్డ ఉద్దేశం ఉండదు, దూరం మాత్రం పెరుగుతుంది. అందరికీ వచ్చిన భాషకు రండి. "ఊట ఆయ్తా?" (భోజనం అయిందా) అని కన్నడంలో పలకరించడంతో మొదలుపెట్టి నాలుగు మాటలు నేర్చుకోండి, సెక్యూరిటీ ఆయనతో, హౌస్‌కీపింగ్ ఆవిడతో కూడా మాట్లాడొచ్చు.

మెచ్చుకోలు అదే రోజు, పేరు పెట్టి, ఏం చేశారో చెబుతూ, వాళ్ల మేనేజరుకు కాపీ పెట్టి రాయండి. "గ్రేట్ జాబ్" వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. "నిన్న రాత్రి డేటాబేస్ మారినప్పుడు వెనక్కి తెచ్చే స్క్రిప్టు తను ముందే రాసి ఉంచడం వల్ల పది నిమిషాల్లో బయటపడ్డాం" అంటే అది వాళ్ల అప్రైజల్‌లోకి వెళ్తుంది.

ఎవరి ఉద్యోగమైనా పోతే ఒక రోజు లోపు ఫోన్ చేయండి. ఏమనాలో తెలియక చాలామంది చేయరు, అవతలివాళ్లకు అది ముఖం చాటేయడంలా ఉంటుంది. "అంతా మన మంచికే" అనొద్దు. "విన్నాను, చాలా బాధగా ఉంది. శనివారం కలిసి భోంచేద్దామా? రెజ్యూమె చూడమంటే చూస్తాను" అనండి, అన్నది చేయండి. నెల తర్వాత మళ్లీ ఒకసారి పలకరించండి. మొదటి వారం చేసినవాళ్లు కూడా రెండో నెలలో చేయరు.

సెలవులు, ఊరి ప్రయాణం

కర్ణాటకలో సంక్రాంతికి సెలవు ఒక్కరోజే. భోగి, కనుమ మీ సొంత సెలవుల్లోంచి పోవాల్సిందే. ముందు చెప్పిన కర్ణాటక దుకాణాల చట్టం ప్రకారం 20 రోజుల పనికి ఒక రోజు చొప్పున ఆర్జిత సెలవు వస్తుంది, దానికి అదనంగా ఏడాదికి 12 రోజులు జబ్బుకో ఇతర అవసరాలకో. జనవరిలోనే ఏడాది మొత్తానికి రెండు పెద్ద సెలవులు, ఒక్కోటి వారానికి తగ్గకుండా, క్యాలెండర్‌లో పెట్టండి. అక్కడొకటి ఇక్కడొకటి వాడేస్తే అలసట తీరదు.

రైలు రిజర్వేషన్ 2024 నవంబరు 1 నుంచి 60 రోజుల ముందే తెరుచుకుంటోంది. జనవరి 12 ప్రయాణానికి నవంబరు 13 ఉదయం 8కి కూర్చోవాలి. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ముందే జోడించుకోండి. కాకినాడ వైపు శేషాద్రి, విశాఖ వైపు ప్రశాంతి నిమిషాల్లో నిండిపోతాయి.

శుక్రవారం రాత్రి బస్సెక్కి సోమవారం పొద్దున మడివాళలో దిగి నేరుగా ఆఫీసుకు వెళ్లేవాళ్లకు వారమంతా నీరసమే. రెండు రాత్రుల నిద్ర బస్సులో పోయింది మరి. నెలకు ఒక్కసారి వెళ్లినా ఆదివారం పగలు బయల్దేరండి, లేదా సోమవారం ఇంటి నుంచి పని పెట్టుకుని పదకొండు దాకా మీటింగులు లేకుండా చూసుకోండి.

ఇంత చేసినా తేలకపోతే

వారం సెలవు తీసుకుని వచ్చాక మూడు రోజుల్లో మళ్లీ అదే అలసట వస్తే లోపం మీ అలవాట్లలో లేదు. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌ను వర్ణిస్తూ మూడు గుర్తులు చెప్పింది: సత్తువ అయిపోవడం, పని మీద విరక్తి లేదా దూరం, చేసేది సరిగా చేయలేకపోతున్నామన్న భావం. మూడూ ఉంటే చిట్టా తీసుకుని మేనేజరుతో కూర్చోండి, ఏ పని తీసేయాలో అడగండి. నిద్ర పట్టక, దేని మీదా మనసు లేక రెండు వారాలు దాటితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు.

కుదరదని చెప్పగలిగే ధైర్యం చాలావరకు బ్యాంకు ఖాతాలోంచి వస్తుంది. ఈఎంఐతో కలిపి ఆరు నెలల ఖర్చు పక్కన ఉంటే మాట తీరే మారుతుంది. ఇంటి లోను జీతం అంచు దాకా తీసుకోవద్దు, ఎంత చెప్పినా తక్కువే.

ఉద్యోగం మారాలనే తేలితే, 90 రోజుల నోటీసు ఉన్నచోట పాత ఆఫీసుకు మాటిచ్చిన పనులు ముగించే తేదీలు ముందే రాసుకోండి. కొత్తచోట ఇంటర్వ్యూ చివర్లో "మీకేమైనా అడగాలని ఉందా" అన్నప్పుడు నాలుగు అడగండి: కిందటి వారం టీమ్‌లో ఆఖరి కాల్ ఎన్నింటికి ముగిసింది, ఆన్‌కాల్ ఎంతమంది మధ్య తిరుగుతుంది, వారంలో ఎన్ని రోజులు ఆఫీసుకు రావాలి, ఈ ఏడాది మీరు ఎన్ని రోజులు సెలవు వాడుకున్నారు. ఆఖరి ప్రశ్న కాబోయే మేనేజరునే అడగండి, హెచ్‌ఆర్‌ను కాదు.